ఎర్‌స్ట్‌వైల్: ‘ఉమ్మడి జిల్లా’కు ఇంగ్లిష్ పేరు, దాని పుట్టుక

ఎర్‌స్ట్‌వైల్ అంటే ఇంగ్లిష్‌లో ‘ఒకప్పటి’, ‘పూర్వపు’ అని అర్థం. ఈ మాటలోని మొదటి సగం ‘ఎర్‌స్ట్’. అది ప్రాచీన ఇంగ్లిష్ నుంచి వచ్చిన రూపం, ‘అన్నిటికంటే ముందు’ అని దాని అసలు అర్థం. మన మాటలో చెప్పాలంటే ‘మొట్టమొదట’. విడిగా ఎర్‌స్ట్ ఈనాడు పాత కావ్యాల్లో తప్ప కనిపించదు. ఎర్‌స్ట్‌వైల్ మాత్రం భారతదేశపు ఇంగ్లిష్‌లో, అందులోనూ తెలుగు రాష్ట్రాల ఇంగ్లిష్ పత్రికల్లో, రోజూ అచ్చవుతోంది. ‘ఉమ్మడి కరీంనగర్ జిల్లా’, ‘ఉమ్మడి వరంగల్ జిల్లా’ అని తెలుగు పత్రిక రాసే చోట ఇంగ్లిష్ పత్రిక ఈ మాట వాడుతుంది.

సంస్కృత వ్యాకరణంలో గుణాన్ని చెప్పే మాటకు మూడు మెట్లు ఉన్నాయి. ఏ ప్రత్యయమూ లేనిది మొదటి మెట్టు, ఇద్దరిలో ఒకరిని ఎక్కువ చేసేది ‘తర’, అందరిలో ఒకరిని మించినవారిగా చూపేది ‘తమ’. ఈ రెండు ప్రత్యయాల నుంచే మనకు ‘తరతమ భేదం’, ‘తారతమ్యం’ అనే మాటలు వచ్చాయి. ఆ లెక్కన ఎర్‌స్ట్ తమ మెట్టు మీద పుట్టి, ఆ సంగతి తానే మరిచిపోయిన మాట.

పుట్టుక

ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘ఏర్’ అంటే ముందుగా, త్వరగా. దీనికి తమ రూపం ‘ఏరెస్ట్’, అంటే అందరికంటే ముందుగా. ఏరెస్ట్ మధ్యయుగపు ఇంగ్లిష్‌లో అరిగి ఎర్‌స్ట్ అయింది. ఏర్ అనే మూలం ‘ముందే’ అనే అర్థంతో కవిత్వంలో మిగిలింది. దాన్ని ఇప్పుడు గాలికి చెప్పే ‘ఎయిర్’ మాటలాగే పలుకుతారు. అదే మూలానికి ‘లీ’ చేరి, అందరికీ తెలిసిన ‘ఎర్లీ’ ఏర్పడింది. పొద్దున్నే లేచినవాణ్ణి ఎర్లీగా లేచాడని మెచ్చుకునే మాటా, విడిపోయిన జిల్లాను ఎర్‌స్ట్‌వైల్ అని పిలిచే మాటా ఒకే వేరు నుంచి మొలిచాయన్నమాట. ప్రాచీన గ్రీకులో ‘తెల్లవారుజామున’ అని చెప్పే మాటనూ భాషాశాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేరుస్తారు.

రెండో సగం ‘వైల్’. ప్రాచీన ఇంగ్లిష్‌లో అది ‘కొంత కాలం, ఒక పూట’ అని చెప్పే నామవాచకం. జర్మన్‌లో దీనికి తోబుట్టువైన మాట ఇప్పటికీ ‘కాసేపు’ అనే అర్థం ఇస్తుంది. దీని బహువచన రూపం నుంచి ‘వైలమ్’ అనే మరో పాత మాట పుట్టింది. దానికీ ‘ఒకానొకప్పుడు’ అనే అర్థమే. ఎర్‌స్ట్‌కు వైల్ తోడైన సమాసం 16వ శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది. అప్పుడది క్రియా విశేషణం, అంటే ‘ఒకప్పుడు ఇలా ఉండేది’ అని చెప్పేది. పేరుకు ముందు నిలిచి ‘ఒకప్పటి ఫలానా’ అనడం చాలా ఆలస్యంగా, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో, స్థిరపడింది.

ఫస్ట్‌తో పోటీ

‘మొదట’ అని చెప్పడానికి ప్రాచీన ఇంగ్లిష్‌కు రెండు తమ రూపాలు ఉండేవి. ఒకటి కాలాన్ని చూసే ఎర్‌స్ట్, అంటే అన్నిటికంటే తొందరగా. రెండోది స్థానాన్ని చూసే ఫస్ట్, అంటే అన్నిటికంటే ముందు వరసలో. ఇద్దరు పెద్దలకు ఒకే ఇంట్లో చోటు చాలలేదు. ఇంగ్లిష్‌లో ఫస్ట్ నిలిచింది, ఎర్‌స్ట్ పక్కకు జరిగింది. జర్మన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ ‘మొదటి’ అంటే ఇప్పటికీ ఎర్‌స్ట్ కుటుంబపు మాటే. ఫస్ట్‌కు తోబుట్టువైన ‘ఫ్యుర్‌స్ట్’ మాత్రం ‘అందరిలో ముందున్నవాడు’ అనే అర్థం నుంచి ‘సంస్థానాధీశుడు’గా మారింది.

పక్కకు జరిగిన మాటలను కవులు చేరదీయడం ఏ భాషలోనైనా ఉన్నదే. 1590లో మొదటి భాగాలు వెలువడిన ‘ఫేరీ క్వీన్’లో ఎడ్మండ్ స్పెన్సర్ కావాలనే పాత మాటలు పేర్చాడు. ఎర్‌స్ట్, వైలమ్ రెండూ అందులో ఉన్నాయి. 1667లో వచ్చిన జాన్ మిల్టన్ ‘పారడైస్ లాస్ట్’లో ఎర్‌స్ట్ ‘ఒకప్పుడు’ అనే అర్థంతోనే కనిపిస్తుంది. అప్పటికే అది కావ్యభాష. మన ప్రబంధ కవులు వాడుకలో లేని దేశి పదాలను ఏరి కూర్చినట్టే.

‘మొదట’ నుంచి ‘ఒకప్పుడు’ దాకా

అన్నిటికంటే ముందు అనే మాట, అయిపోయింది అనే అర్థానికి ఎలా వచ్చింది? మొదట జరిగినదంటే ఇప్పటికి చాలా వెనకబడిపోయినది. ‘మొదట ఇక్కడ చెరువు ఉండేది’ అని ఎవరైనా అంటే, ఇప్పుడు లేదనే మనం అర్థం చేసుకుంటాం. వాక్యంలో ఎక్కడా ‘లేదు’ అన్న మాట ఉండదు, అయినా అది వినిపిస్తుంది. అలా వినిపించే అర్థమే కాలక్రమంలో మాటకు అసలు అర్థమై కూర్చుంటుంది.

ఇది ఎర్‌స్ట్ ఒక్కదానికే పట్టిన గతి కాదు. ఇంగ్లిష్‌లో దానికి సమానంగా వాడే ‘ఫార్మర్’ కూడా ఇదే దారిన వచ్చింది. ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘ఫోర్మా’ అంటే మొదటిది, అదీ తమ రూపమే. ఆ సంగతి మరుగున పడ్డాక జనం దానికి తర ప్రత్యయం తగిలించి ఫార్మర్ చేశారు. అదే ఫోర్మా మీద ఇంకో తమ ప్రత్యయం పడి ‘ఫోర్‌మోస్ట్’ అయింది. అరిగిన తమ రూపానికి బలం చాలక మళ్ళీ తమ రూపం తొడగడం మనకూ అలవాటే. ‘ఉత్తమ’లో తమ ప్రత్యయం ఉంది, అయినా ‘అత్యుత్తమ’ అంటాం. ‘శ్రేష్ఠ’ కూడా తమ రూపమే, అయినా ‘అత్యంత శ్రేష్ఠమైన’ అని రాస్తాం.

తెలుగుకూ ఇదే దారి తెలుసు. ‘తొలి’ అంటే మొదటి. దాని బంధువు ‘తొల్లి’ అంటే ఒకప్పుడు, పూర్వం. ‘తొల్లిటి’ అంటే ఒకప్పటి. మహాభారతం నుంచి ప్రబంధాల దాకా తొల్లి విరివిగా వినిపించేది, నేటి వాడుకలో అది ఎర్‌స్ట్ లాగే మూలకు చేరింది. తమిళంలో ‘తొల్’ అంటే పాత, ప్రాచీనం. ‘తొల్కాప్పియం’ పేరులో ఉన్నది అదే. సంస్కృతపు ‘పూర్వ’ కూడా ముందుదానికీ గతించినదానికీ ఒకటే మాట. సూర్యుడు ముందు కనిపించే దిక్కుకూ అదే పేరు. బంధుత్వం లేని ద్రావిడ భాషా, ఇంగ్లిష్ భాషా విడివిడిగా ఒకే చోటుకు చేరడం ఈ పదం కథలో ఆసక్తి గల విషయం.

‘ఎస్ట్’, ‘ఇష్ఠ’

ఎర్‌స్ట్ చివర ఉన్న ‘ఎస్ట్’ ప్రత్యయం మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ‘ఇష్ఠ’, గ్రీకులోని ‘ఇస్తోస్’, ఇంగ్లిష్‌లోని ‘ఎస్ట్’ ఒకే మూల ప్రత్యయం నుంచి వచ్చాయి. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ ఇలాంటి చుట్టరికం ఉందని 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ప్రసంగంలో విలియం జోన్స్ చెప్పాడు. అతిశయం చెప్పడానికి ‘తమప్’, ‘ఇష్ఠన్’ అనే రెండు ప్రత్యయాలు ఉన్నాయని పాణిని అంతకు వేల ఏళ్ళ ముందే అష్టాధ్యాయి అయిదో అధ్యాయంలో సూత్రీకరించాడు.

ఆ ఇష్ఠ తెలుగువారి నోట రోజూ ఆడుతూనే ఉంది. జ్యేష్ఠుడు, కనిష్ఠుడు, శ్రేష్ఠుడు, బలిష్ఠుడు అన్నీ తమ రూపాలే. వాతావరణ వార్తల్లో ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’ అంటాం. ‘గురు’ అంటే బరువైనది, గరిష్ఠ అంటే అన్నిటికంటే బరువైనది. ఎండకు బరువు లేకపోయినా మాట అక్కడికి చేరింది. ‘పాపిష్టి సొమ్ము’ అని తిట్టేటప్పుడు పాపుల్లోకెల్లా పాపి అనే తమ రూపాన్నే వాడుతున్నామని ఎవరికీ తట్టదు.

అయితే ఇవన్నీ తెలుగు అరువు తెచ్చుకున్నవి, పుట్టింటివి కావు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో నిరూపించాడు. ద్రావిడ భాషల్లో తర, తమ ప్రత్యయాల పద్ధతి లేదు. ‘అందరిలోకీ పెద్దవాడు’, ‘అన్నిటికంటే చిన్నది’ అని వాక్యంతోనే పని జరుపుకుంటాం. వాక్యం చాలని చోట తెలుగుకు ఇంకో చమత్కారం ఉంది. మొదటను రెట్టిస్తే మొట్టమొదట, చివరను రెట్టిస్తే చిట్టచివర, కడను రెట్టిస్తే కట్టకడ, నడుమను రెట్టిస్తే నట్టనడుమ. పగలు పట్టపగలవుతుంది, బయలు బట్టబయలవుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం దీన్ని ద్విరుక్త టకారంగా చెబుతుంది. ఎర్‌స్ట్ పుట్టినప్పటి అర్థానికి తెలుగులో ఒక్క మాటలో సరితూగేది ఈ మొట్టమొదటే.

భారతదేశంలో రెండో జీవితం

బ్రిటన్‌లో ఎర్‌స్ట్‌వైల్ అంటే కాస్త పాతకాలపు, గ్రంథాల వాసన వేసే మాట. భారతదేశంలో అది కార్యాలయాల్లో, కోర్టు తీర్పుల్లో, పత్రికల్లో మామూలు మాట. కారణం మన చరిత్రలోనే ఉంది. ఇక్కడ ఎల్లలు మారినన్నిసార్లు ‘ఒకప్పటి’ అని చెప్పే అవసరం పడింది. 1947 తర్వాత వందల సంస్థానాలు కలిసిపోయాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. 1960 మే 1న బొంబాయి రాష్ట్రం నుంచి మహారాష్ట్ర, గుజరాత్ ఏర్పడ్డాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ప్రతి మార్పు వెనకా పాత రికార్డులు, పాత పట్టాలు, పాత సర్వీసు పుస్తకాలు మిగిలాయి. వాటి మీదున్న రాష్ట్రం ఇప్పుడు లేదని ఒక్క మాటలో చెప్పాలి. ఆ పనికి ఎర్‌స్ట్‌వైల్ కుదిరింది.

చట్టం మాత్రం ఇలాంటి చోట పత్రికల కన్నా జాగ్రత్తగా ఉంటుంది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం విభజనకు ముందటి రాష్ట్రాన్ని ‘ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ అని పిలిచి, అంటే ఏమిటో నిర్వచించింది. పత్రికలకు అంత తీరిక లేదు.

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాలకు వెళ్ళాయి. మిగిలిన భాగానికీ కరీంనగర్ అనే పేరే ఉంది. అంటే పెద్ద కరీంనగర్, చిన్న కరీంనగర్ రెండూ ఒకే పేరుతో తిరుగుతున్నాయి. వరంగల్ సంగతి ఇంకా మెలిక. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఉత్త ‘వరంగల్ జిల్లా’ అంటే ఏ వరంగల్ అని అడగక తప్పదు. పేరు పూర్తిగా మారిపోతే విశేషణం అంతగా అక్కర్లేదు. పేరు మిగిలి హద్దు మారినప్పుడే ఎక్కువగా ఎర్‌స్ట్‌వైల్ అవసరం.

తెలుగులో సమానార్థకాలు

ఎర్‌స్ట్‌వైల్‌కు తెలుగులో ఒకే మాట లేదు, సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఉమ్మడి: జిల్లాలకు, రాష్ట్రాలకు స్థిరపడిన మాట. ఇంగ్లిష్ మాట కాలాన్ని చూస్తుంది, తెలుగు మాట ఇంటిని చూస్తుంది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి అన్నట్టు పంపకానికి ముందటి స్థితిని చెబుతుంది. విభజన జరగని వాటికి ఇది పొసగదు. హద్దులు మారకుండా పేరు మాత్రమే మారిన ఊరిని ఉమ్మడి అనలేం.

పూర్వపు, ఒకప్పటి, పాత: ఎక్కడైనా నడుస్తాయి. పూర్వపు సంస్థానం, ఒకప్పటి మిత్రుడు, పాత తాలూకా. మాట్లాడేటప్పుడు ఎక్కువమంది ‘పాత కరీంనగర్ జిల్లా’ అనే అంటారు.

మాజీ: పదవులకే. గడిచిపోయినది అనే అర్థం గల అరబ్బీ మాట ఫార్సీ మీదుగా వచ్చింది. మరాఠీలోనూ ఇదే మాట. దిగిపోయి వారం కానివారిని మన పత్రికలు ‘తాజా మాజీ’ అనడం కద్దు.

అవిభక్త: రాతలో అరుదుగా కనిపిస్తుంది. మరాఠీ పత్రికలు దీనికి దగ్గరి ‘అవిభాజిత్’ వాడతాయి.

వాడుకలో రెండు పొరపాట్లు తరచు కనిపిస్తాయి. ఎర్‌స్ట్‌వైల్‌ను ‘గౌరవనీయులైన’ అనే అర్థంలో స్వాగత పత్రాల్లో వాడటం ఒకటి. ఆ లెక్కన ముఖ్య అతిథిని పిలిచి మరీ మాజీని చేసినట్టవుతుంది. రెండోది దీన్ని ‘దివంగత’ అనుకోవడం. ఒకప్పటి సహోద్యోగి అంటే ఆయన ఇప్పుడు సహోద్యోగి కాడనే తప్ప, బతికి లేడని కాదు. పలకడంలో మొదటి భాగం ఫస్ట్‌తో ప్రాస కలుస్తుంది. బ్రిటిష్ ఉచ్చారణలో ‘ర’ వినిపించదు.

భివండిలో, మాన్కోలిలో

ఈ మాట అవసరం ఎంతటిదో తెలియాలంటే తెలంగాణకు బయట ఉన్న తెలంగాణను చూడాలి. మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండి మరమగ్గాల పట్టణం. తెలంగాణ నేతన్నలకు అది ‘భీమండి’. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడికి వలస వెళ్ళాయి. 1982లో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత గుడ్డ ఉత్పత్తి మిల్లుల నుంచి మరమగ్గాల వైపు మరింతగా మళ్ళింది, భివండి ఇంకా పెరిగింది. పట్టణంలోని పద్మానగర్ తెలుగువారి పేటగా పేరుపడింది. భివండిలో పని నేర్చినవారు తిరిగి వెళ్ళి సిరిసిల్లలో మరమగ్గాలు పెట్టారు. అందుకే రెండుచోట్లా మరమగ్గాన్ని ‘సాంచా’ అనే అంటారు.

భివండి తాలూకాలోనే ముంబయి–నాసిక్ రహదారి మీద మాన్కోలి ఉంది. ఒకప్పటి పల్లె, ఇప్పుడు గోదాముల వరసలు, లారీల బారులు. ఉల్హాస్ నది మీది వంతెన దీన్ని డోంబివిలికి కలుపుతోంది. మగ్గం పని తగ్గినప్పుడు భివండి ప్రాంతపు కూలీలకు ఈ గోదాములే ఆసరా.

ఇక్కడ ఊరు కాని ఊళ్ళో పుట్టిన తెలుగు పిల్లవాణ్ణి మీది ఏ జిల్లా అని అడిగితే, తాతనుంచి విన్నట్టే ‘కరీంనగర్ జిల్లా, సిరిసిల్ల దిక్కు’ అంటాడు. తాత వలస వచ్చిన నాటికి అది నిజం. ఇంట్లో భద్రంగా దాచిన పాత కుల ధ్రువీకరణ పత్రం మీద జిల్లా కరీంనగర్ అని ఉంటుంది. ఫోన్‌లో నింపే దరఖాస్తులో సిరిసిల్ల కోసం వెతికితే ‘రాజన్న సిరిసిల్ల’ అనే జిల్లా కింద దొరుకుతుంది. రెండూ ఒకే ఊరని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే నింపేవాడు ‘ఎర్‌స్ట్‌వైల్ కరీంనగర్’ అని ఒక మాట చేరుస్తాడు. వాళ్ళున్న ఠాణే జిల్లా కూడా మునుపటిది కాదు. 2014 ఆగస్టు 1న దాని నుంచి పాల్ఘర్ విడిపోయింది. వదిలి వచ్చిన జిల్లా, వచ్చి చేరిన జిల్లా రెండూ రెండేళ్ళ తేడాలో ‘ఒకప్పటివి’ అయ్యాయి.

ఇదే చోట ఆ తమ ప్రత్యయం మరో వేషంలోనూ తిరుగుతోంది. నూలు ఇచ్చి తాకాల (గుడ్డ చుట్టల) లెక్కన గుడ్డ తీసుకునే వ్యాపారిని భివండిలో ‘సేటు’ అంటారు. సంస్కృతపు శ్రేష్ఠ నుంచి శ్రేష్ఠి, అది ప్రాకృతంలో సెట్ఠి, అక్కడి నుంచి ఉత్తరాదిన సేఠ్, మనకు సెట్టి. శ్రేష్ఠలోని ఇష్ఠ, ఎర్‌స్ట్‌లోని ఎస్ట్ ఒకటే. లెక్క చూసి కూలి ఇచ్చేవాడి పిలుపులో ఒకటి, కూలి అందుకునేవాడి కాగితం మీద జిల్లా పేరు ముందు ఇంకొకటి. సేటు అంటే ‘అందరిలో మేలైనవాడు’ అని పిలిచేవాడికి తెలియదు, ఎర్‌స్ట్‌వైల్‌లో ‘మొట్టమొదటిది’ ఉందని రాసేవాడికీ తెలియదు. అరిగిపోయిన నాణేల్లా రెండూ చెల్లుబాటు అవుతూనే ఉన్నాయి.